హార్మోనియం మీద స్టిక్కర్ జిగురు: గీకే ముందు పాలిష్ ఏదో చూడండి

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. మా బాపు భజనల్లో వాయించిన హార్మోనియం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక మా అన్న దాన్ని వాళ్ల గల్లీ గణేశ్ మండపానికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి మూత మీద కమిటీ వాళ్ల పెద్ద స్టిక్కర్, పక్క చెక్కల మీద దాతల పేర్ల స్టిక్కర్లు. అవి చాలవన్నట్టు మా పాప నేర్చుకుంటానని వేళ్లతో నొక్కే మెట్ల మీద స రి గ మ స్టిక్కర్లు అంటించింది. అన్నీ పీకేశాను. పై కాగితం వచ్చింది గానీ జిగురు అట్లనే ఉండిపోయి, దుమ్ము పట్టి నల్లబడింది. శానిటైజర్‌తో ఒక మూల తుడిచి చూశాను. జిగురు పోలేదు సరికదా, అక్కడ మెరుపు పోయి తెల్లగా మసక వచ్చింది, వేలు పెడితే అంటుకుంది. మా మరిది పెట్రోల్ పెట్టమంటాడు. పక్కింటి వదిన నెయిల్ పాలిష్ రిమూవర్ అంటుంది. బాపు వస్తువు, పాడు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ శానిటైజర్ సీసాను దూరంగా పెట్టేయండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు. పెట్రోల్ అసలే వద్దు. జిగురు ఇంకో నెల అట్లనే ఉన్నా హార్మోనియానికి వచ్చిన నష్టమేమీ లేదు, అది ఎప్పుడైనా పోయేదే. పోతే తిరిగి రానిది పైనున్న పాలిష్. మీకు సలహాలు ఇచ్చినవాళ్లంతా జిగురును చూసి చెప్పారు గానీ దాని కింద ఏముందో ఎవరూ అడగలేదు.

ఏముందో మీ ఉత్తరంలోనే ఉంది. శానిటైజర్‌లో ఎక్కువ భాగం ఆల్కహాల్, మిగిలింది దాదాపు నీళ్లే. అది తగలగానే మెరుపు పోయి, వేలికి జిగటగా తగిలిందంటే ఆ పాలిష్ ఆల్కహాల్‌కు కరిగే రకం. అంటే మీ హార్మోనియానికి ఉన్నది లక్క పాలిష్ అయి ఉండాలి. లక్క పురుగులు చెట్టు కొమ్మల మీద కట్టే పెంకును తీసి, శుభ్రం చేసి, పలచని రేకులుగా చేస్తారు. ఆ రేకులను ఆల్కహాల్ జాతిదే అయిన స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర పూస్తారు. స్పిరిట్ ఆరిపోయి లక్క మిగులుతుంది. మళ్లీ స్పిరిట్ తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. మన వైపు ఎండాకాలం ముందు ఎర్రగా పూసే మోదుగ చెట్టు ఈ పురుగుకు ఇష్టమైన చెట్లలో ఒకటి. పాత హార్మోనియాలకూ పాత టేకు బీరువాలకూ చాలావాటికి ఇదే పాలిష్. ఆ లోతైన తేనెరంగు మెరుపు దీనికే వస్తుంది, ఈ రోజుల్లో స్ప్రే కొట్టే పాలిష్‌లకు రాదు. కాబట్టి మీ చేతిలో ఉన్నది కాపాడుకోదగ్గ వస్తువు.

మీ మరిది చెప్పిన పెట్రోల్ సంగతి. పాతకాలంలో మెకానిక్‌లు, డ్రైక్లీనింగ్ వాళ్లు జిగురు మరకలకు పెట్రోల్ వాడేవాళ్లు, ఆయన అది చూసే ఉంటాడు. కానీ ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ అంటే ఆల్కహాలే. ఒక మూల శానిటైజర్ చేసిన పనిని పెట్రోల్ మూత మొత్తం మీద చేస్తుంది. ఇక మంట సంగతి చెప్పనక్కర్లేదు. భజన పెట్టె అంటే ఉండేదే దేవుడి గదిలో, దీపం పక్కన. నెయిల్ పాలిష్ రిమూవర్ ఇంకా ఘోరం. అందులో ఉండే అసిటోన్ గానీ అలాంటి ఇతర ద్రావకాలు గానీ దాదాపు అన్ని రకాల పాలిష్‌లనూ తినేస్తాయి. మెట్ల పైన తెల్ల పలక పాత సెల్యులాయిడ్‌ది అయితే ఆ పలకే కరిగి గుంట పడుతుంది. అద్దాలు తుడిచే నీలం ద్రవం, టూత్‌పేస్ట్, వంటసోడా, గిన్నెలు తోమే పీచు, సాండ్ పేపర్, బ్లేడు, రూపాయి బిళ్ల కూడా పక్కన పెట్టండి. కొన్ని పాలిష్‌ను కరిగిస్తాయి, కొన్ని గీతలు పెడతాయి.

ఇక పని. నీడలో, వెలుతురు బాగా పడే చోట చాప పరిచి పెట్టెను పెట్టుకోండి. గాలి కొట్టే తిత్తిని మూసి, కొక్కెం వేసి, పైన పాత తువ్వాలు కప్పండి. తిత్తి మడతలు అట్ట, గుడ్డ, తోలు కలిపి అంటించినవి. అక్కడ నూనె పడితే అంటింపు వదులవుతుంది, గాలి లీకవుతుంది, ఆ రిపేరు ఖర్చు ముందు ఈ జిగురు లెక్కలోకి రాదు. మెట్ల మీద, రంధ్రాల మీద కూడా ఒక గుడ్డ వేయండి. లోపల ఉన్నవి ఇత్తడి రీడ్లు. వాటి నాలుక మీద సన్నటి జిగట చేరినా స్వరం మారుతుంది, లేదా మూగబోతుంది.

మెత్తటి బ్రష్‌తో ముందు దుమ్ము దులపండి. మన దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. అది ఉండగానే రుద్దితే జిగురు కంటే ముందు గీతలు కనిపిస్తాయి.

మొదటి ప్రయత్నం పొడిగానే చేయాలి, ఏ నూనే లేకుండా. జిగురు మచ్చ అంచు మీద బొటనవేలి మెత్తటి భాగం ఆనించి, మచ్చ లోపలి వైపుకు నెడుతూ రుద్దండి. గోరు తగలనివ్వొద్దు. జిగురు ఇంకా సాగే దశలో ఉంటే కాసేపటికి వేలి కింద చిన్న చిన్న నల్లటి వత్తుల్లా చుట్టుకుని లేస్తుంది. ఒకసారి అలా చుట్టుకోవడం మొదలైతే ఆ ఉండ పక్కనున్న జిగురును కూడా తనకు అంటించుకుని వస్తుంది. దీంతోనే చాలా పోతుంది, జనం దీన్ని నమ్మరు గానీ. వేలు నొప్పి పుడితే సెల్లోటేప్‌ను జిగురు వైపు బయటికి ఉండేలా వేలికి చుట్టి, మచ్చ మీద అద్ది, నెమ్మదిగా లేపండి. జిగురుకు జిగురు అంటుకుని వస్తుంది. అయితే పాలిష్ ఎక్కడైనా పెచ్చులు లేస్తుంటే అక్కడ టేప్ వాడొద్దు, జిగురుతో పాటు ఆ పెచ్చు కూడా వచ్చేస్తుంది.

పొడిగా పోనిది పాతబడ్డ జిగురు. స్టిక్కర్ జిగురుల్లో రబ్బరుతో చేసేవి ఉంటాయి, యాక్రిలిక్‌తో చేసేవి ఉంటాయి. రబ్బరు రకం గాలికి, వెలుతురుకు ముదిరి పసుపుపచ్చగా, గట్టిగా, పెళుసుగా అవుతుంది. యాక్రిలిక్ రకం ఏళ్లు గడిచినా సాగుతూనే ఉంటుంది. రెండింటికీ నీళ్లతో పని జరగదు, నూనె జాతి వస్తువు కావాలి. మీ ఇంట్లో ఉండే కొబ్బరినూనె చాలు. చలికాలం గడ్డకడితే చేతుల మధ్య సీసాను కాసేపు పట్టుకోండి, పొయ్యి మీద పెట్టొద్దు.

నూనె వల్ల పాలిష్‌కు ఏమవుతుందోనని భయపడకండి. లక్క పాలిష్ పూసేటప్పుడు గుడ్డ అంటుకోకుండా జారడానికి పనివాళ్లు చుక్క నూనె వాడతారు. దానికి నూనె పాత చుట్టమే. భయమంతా చెక్క బయటపడ్డ చోట్ల గురించి. అందుకే ముందు పెట్టెను కిటికీ వైపు వాలుగా పట్టుకుని చూడండి. వెలుగు జారిపోతూ కనిపిస్తే పాలిష్ ఉన్నట్టు. వెలుగు ఆగిపోయి, మొద్దుగా, పొడిగా కనిపించే గీత, పగులు, మూల ఉంటే అక్కడ పాలిష్ లేదు. అక్కడ నూనె తగిలితే చెక్క తాగేస్తుంది, నల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. చెక్కలు కలిసే అతుకుల దగ్గర కూడా అంతే. నూనె దిగిన అతుకుకు రేపు రిపేరు వస్తే ఫెవికాల్ పట్టదు.

పాత కాటన్ బనియన్ గుడ్డ ముక్క తీసుకుని, వేలికి చుట్టి, రెండు చుక్కల నూనె వేయండి. చెక్క మీద నేరుగా పోయొద్దు. ముందుగా పెట్టె అడుగున, ఎవరికీ కనిపించని చోట రుద్ది, తుడిచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగి చూడండి. రంగు, మెరుపు మారకపోతే మచ్చ మీదికి రండి. నూనె గుడ్డను మచ్చ మీద అద్ది పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. కాగితం పీచు అంటుకుని ఉంటే అది నూనె తాగి పారదర్శకంగా మారుతుంది, అప్పుడు దాని కింది జిగురు మెత్తబడినట్టు. ఆ కాగితానికి చాలామంది తడి గుడ్డ పెడతారు. లక్క పాలిష్ మీద నీళ్లు నిలిస్తే తెల్లగా మసకబారుతుంది, మీకు వద్దు. మెత్తబడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుకు గుడ్డ చుట్టి, కార్డును దాదాపు పడుకోబెట్టి, నెమ్మదిగా తోయండి. నిలబెట్టి గీకొద్దు. వచ్చిన జిగురును వెంటనే వేరే గుడ్డతో తీసేయండి, లేకపోతే అదే నూనెలో కరిగి పక్కకు పాకుతుంది. ఒక్కసారికి పోకపోతే మళ్లీ నూనె, మళ్లీ పదిహేను నిమిషాలు. ఒక మచ్చకు ఒక పూట పట్టినా పట్టనివ్వండి.

అప్పటికీ మొండికేస్తే పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్. ఇది లక్కను కరిగించదు, జిగురును మాత్రం నూనె కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త. అదే షాపులో, అదే అరలో, అదే సైజు సీసాలో థిన్నర్ కూడా ఉంటుంది. "పెయింట్ కలిపేది ఇవ్వు" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. పేరు చదివి తీసుకోండి. థిన్నర్ మూత తీయగానే నెయిల్ పాలిష్ లాంటి ఘాటు కొడుతుంది. అది వచ్చిందంటే వెనక్కి ఇచ్చేయండి, ఒక్క చుక్కతో మూత మీది పాలిష్ ముడతలు పడుతుంది. టర్పెంటైన్‌ను కూడా అడుగున పరీక్ష చేశాకే, గుడ్డ తడి తెలిసీ తెలియనంతగా తీసుకుని, మచ్చ వరకే అద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. కిటికీలు తెరిచి ఉంచాలి. దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఆ దగ్గర్లో ఉండకూడదు. వాడిన గుడ్డను బయట తీగ మీద ఆరనిచ్చి పారేయండి.

హెయిర్ డ్రయ్యర్ పెట్టొచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. జిగురుకు వేడి పనిచేస్తుంది, నిజమే. లక్క కూడా వేడికి మెత్తబడేదే, పాతకాలంలో ఉత్తరాలకు, మూటలకు లక్క ముద్ర వేసింది అందుకే. పాలిష్, జిగురు రెండూ కలిసి మెత్తబడితే మీరు గీకేది ఏదో మీకే తెలియదు. ఎండలో పెట్టడమూ వద్దు. మన నల్లగొండ, పాలమూరు ఎండ మేలో 43, 44 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో ముదురు రంగు చెక్క గాలికంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. పాలిష్ సంగతి అట్లుంచి, లోపలి పలక వంకర పోతే గాలి లీకవుతుంది.

నిమ్మకాయ రుద్దమని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రసంలో పులుపు, నీళ్లు తప్ప జిగురును కరిగించేది ఏమీ లేదు. కరిగించేది తొక్కలో ఉంటుంది. మన జిల్లాలో బత్తాయి తోటలకు కొదవ లేదు కదా, బత్తాయి తొక్కను వెలుతురులో మడిచి నొక్కి చూడండి, సన్నటి తుంపర లేస్తుంది. ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనిన్. బజారులో నారింజ వాసనతో అమ్మే జిగురు తీసే ద్రవాల్లో చాలావాటికి పని చేసేది అదే. స్టీలు గిన్నె మీది ధర స్టిక్కర్‌కు, గాజు సీసాకు నిక్షేపంలా వాడుకోండి. హార్మోనియం మీదికి మాత్రం తేవద్దు. తొక్కతో పాటు తీపి రసం అంటుతుంది, చీమలు పడతాయి. పైగా కొన్ని రకాల ప్లాస్టిక్‌ను ఆ నూనె మెత్తబరుస్తుంది, మీ మెట్ల పలక ఏ రకమో మనకు తెలియదు.

మెట్ల సంగతి వేరే చెప్పాలి. అక్కడ పాలిష్ గొడవ లేదు, సందుల గొడవ. మెట్టుకు మెట్టుకు మధ్య వెంట్రుకవాసి ఖాళీ, ఆ ఖాళీలోకి నూనె దిగితే మెట్టు నొక్కాక పైకి లేవదు. ముందు బొటనవేలు, తర్వాత పిల్లలు పెన్సిల్‌కు వాడే మెత్తటి తెల్ల రబ్బరు. రబ్బరు పొట్టు సందులో పడకుండా పక్క మెట్ల మీద కాగితం పరచండి. ఇంకా మిగిలితే ఇయర్‌బడ్ కొనకు నూనె తగిలీ తగలనట్టు రాసి, మచ్చ మధ్యలోనే తిప్పండి, అంచులకు పోనివ్వొద్దు. వెంటనే పొడి ఇయర్‌బడ్‌తో తీసేయాలి. మెట్ల మీద టర్పెంటైన్ వాడకండి.

జిగురంతా పోయాక ఉత్త గుడ్డతో నూనె జిడ్డు పోయేదాకా తుడవండి. శుభ్రమైన గుడ్డ పైకి గీసినా మరక అంటకపోతే అయినట్టు. దాని మీద మళ్లీ ఫర్నిచర్ స్ప్రేలు, కారు పాలిష్‌లు కొట్టొద్దు. వాటిలో చాలావాటికి సిలికాన్ ఉంటుంది, రేపు పాలిష్ వేయించాలంటే ఆ సిలికాన్ మీద కొత్త పొర నిలవదు.

తుడిచాక స్టిక్కర్ ఉన్న చోటు చతురస్రంగా, చుట్టూ ఉన్న చెక్క కంటే వేరే రంగులో కనిపించవచ్చు. అది జిగురు కాదు. స్టిక్కర్ కింద వెలుతురు పడలేదు, చుట్టూ పడింది, అంతే తేడా. దాన్ని రుద్ది పోగొట్టాలని చూస్తే మంచి పాలిష్ పోతుంది. కొన్నాళ్లు మామూలు వెలుతురులో ఉంటే తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. గుర్తు ఎలా అంటారా, మచ్చ మీద వేలు లాగి చూడండి. ఆగితే జిగురు, జారితే రంగు తేడా.

ఇక మీరు శానిటైజర్ పెట్టిన మూల. దాన్ని ముట్టుకోకండి. గట్టిపడనివ్వండి, కొన్ని రోజులు పొడిగా, గాలి ఆడేచోట ఉంచండి. మసకలో కొంత పాలిష్‌లో ఇరుక్కున్న తడి వల్ల వస్తుంది, అది దానంతట అదే తగ్గవచ్చు. తగ్గకపోతే లక్క పాలిష్ తెలిసిన పనివాడికి చూపించండి. ఏ స్పిరిట్ పాలిష్‌ను పాడు చేసిందో అదే స్పిరిట్‌తో అతను ఆ మూలను మళ్లీ కరిగించి, పక్కదానితో కలిపేస్తాడు. లక్క పాలిష్‌కు ఉన్న పెద్ద సుగుణం ఇదే, కొత్త స్ప్రే పాలిష్‌లలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. అయితే ముందే తేల్చి చెప్పండి: ఆ మూల వరకే. చాలామంది పెట్టె మొత్తం గీకేసి కొత్తగా మెలమైన్ స్ప్రే కొట్టి ఇస్తామంటారు, వాళ్లకు అది సులువు. బాపు చేతులు ఆడిన పాలిష్ పోయి హోటల్ టేబుల్ లాంటి మెరుపు వస్తుంది. నా మాటకైతే ఒక మూల మసకగా ఉన్నా సరే, అది చేయించొద్దు.

గిటార్, వయొలిన్, డోలక్ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. పాలిష్ ఏదో తెలియకపోతే కనిపించని చోట ఇయర్‌బడ్‌తో ఒక్క చుక్క స్పిరిట్ అద్ది చూడండి. జిగటగా మారితే లక్క. చాలా వయొలిన్‌ల వార్నిష్ కూడా స్పిరిట్‌కు కరిగేదే, కాబట్టి వాటిమీద ఆ పరీక్ష కూడా చేయకుండా పొడి పద్ధతి దగ్గరే ఆగడం మేలు. ఈ మధ్య వచ్చే తక్కువ ధర గిటార్లకు ఎక్కువగా పాలియురెథేన్ లేదా పాలియెస్టర్ పొర ఉంటుంది. అది గట్టిది, కొబ్బరినూనె, టర్పెంటైన్ రెండింటినీ తట్టుకుంటుంది. పాలిష్ లేని వాయిద్యాల లెక్క పూర్తిగా వేరు. డప్పు చట్రం గానీ, నాగర్‌కర్నూలు వైపు వాయించే పన్నెండు మెట్ల కిన్నెర సొరకాయ బుర్రలు, వెదురు గానీ నూనెను పీల్చుకుంటాయి. వాటికి బొటనవేలు, టేప్, తెల్ల రబ్బరు, అంతే. పోయినంత పోతుంది.

పాప స్టిక్కర్ల గురించి మాత్రం ఆమెను కోప్పడకండి. మెట్ల వెనకాల, మూత పలక ఆనుకునే చోట, నల్ల మెట్లు తెల్ల మెట్లు దాదాపు సమాన దూరంలో ఉంటాయి. ఆ దూరం కొలిచి, దళసరి అట్ట పట్టీ మీద అదే కొలతలో పన్నెండు గళ్లు గీసి స రి గ మ రాసివ్వండి. జిగురు పెట్టకుండా అక్కడ ఊరికే నిలబెడితే చాలు. స్టిక్కర్ అయితే ఒకే శ్రుతికి పనికొస్తుంది. పట్టీ అయితే పాప ఈరోజు ఒకటి శ్రుతిలో పాడినా, రేపు గురువుగారు రెండుకు మార్చినా షడ్జం (స) ఉన్న మెట్టు దగ్గరికి జరుపుకుంటుంది. అన్నకు కూడా చెప్పండి, వచ్చే చవితికి పెట్టె పంపేటప్పుడు దానికి ఒక గుడ్డ సంచి కుట్టించి పంపుతామని, కమిటీ పేరు, దాతల పేర్లు ఏవున్నా ఆ సంచి మీద రాసుకోమని.